నీళ్లు రాకముందే అందాల్సిన సాయం



2024 సెప్టెంబరు 1. విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం ప్రాంతాలను బుడమేరు వాగు ముంచెత్తింది. బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. కాలనీల్లో నీళ్లు రోజుల తరబడి నిలిచిపోయాయి. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటికీ సిబ్బందిని పంపి లెక్కలు తీయించింది. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25 వేల రూపాయలు, మొదటి అంతస్తు, ఆపైన ఉన్నవాళ్లకు 10 వేల రూపాయలు సాయం ప్రకటించింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగినప్పుడు తెలంగాణ ప్రభుత్వం కూడా ఇంటికి 10 వేల రూపాయల చొప్పున పంచింది.

ఆ డబ్బు అవసరమైనదే. బియ్యం బస్తా, పరుపులు, ఫ్రిజ్, పిల్లల సర్టిఫికెట్లు బురదలో కలిసిపోయిన ఇంటికి ఆ పూట చేతిలో పడే ప్రతి రూపాయీ విలువైనదే. అయితే ఆ డబ్బుతో ఇల్లు అంగుళం కూడా మెరక కాలేదు. కరెంటు మీటరు నడుము ఎత్తులోనే ఉండిపోయింది. వాన గట్టిగా పడితే బాత్‌రూమ్ తూములోంచి మురుగు ఎదురుతన్నే దారి అలాగే ఉంది. మళ్లీ వరద వస్తే మళ్లీ లెక్కలు, మళ్లీ జాబితాలు, పేరు లేదని మళ్లీ వార్డు కార్యాలయం చుట్టూ ప్రదక్షిణలు.

ఈ రోజు నేను మీతో మాట్లాడదలచుకున్నది మరో రకం సాయం గురించి. ఇల్లు మునగక ముందే, మునగకుండా ఉండటానికి, లేదా మునిగినా తొందరగా తేరుకోవడానికి, స్థానిక ప్రభుత్వం ఇంటి యజమానికి ఇచ్చే సాయం గురించి. ఇది ఊహ కాదు. కొన్ని దేశాల్లో నగరపాలక సంస్థలు ఈ పని ఏళ్ల తరబడి చేస్తున్నాయి. అందులో ఒక నగరం మన తెలుగువాళ్లకు బాగా పరిచయమున్నదే. అది కెనడాలోని టొరంటో.

టొరంటోలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న బ్రాంప్టన్, మిసిసాగా పట్టణాల్లోనూ మనవాళ్లు చాలామంది ఉన్నారు. పై చదువులకు వెళ్లిన మన పిల్లలు ఎందరో అద్దె కలిసొస్తుందని అక్కడి ఇళ్ల బేస్‌మెంట్లలో ఉంటారు. అక్కడ చలికాలంలో నేల లోతు వరకు గడ్డకడుతుంది. అందుకని పునాది లోతుగా తవ్వుతారు. అంత తవ్వాక అక్కడొక అంతస్తు కట్టుకోవడం వాళ్ల అలవాటు. కుండపోత వాన పడితే మొట్టమొదట మునిగేది ఆ అంతస్తే.

2005 ఆగస్టు 19న టొరంటో ఉత్తర భాగం మీద కొద్ది గంటల్లో విపరీతమైన వాన కురిసింది. ఫించ్ అవెన్యూ అనే పెద్ద రోడ్డులో కొంత భాగం, దాని కింద ఉన్న కల్వర్టుతో సహా కొట్టుకుపోయింది. బేస్‌మెంట్లలోకి నీళ్లొచ్చాయని నగరపాలక సంస్థకు 4 వేలకు పైగా ఫిర్యాదులు అందాయి. 2013 జులై 8న మరో పిడుగులాంటి వాన. విమానాశ్రయం దగ్గర ఒక్క సాయంత్రంలో 126 మిల్లీమీటర్లు నమోదైంది. ప్రయాణికులతో నిండిన రైలు డాన్ నది లోయలో నీళ్ల మధ్య ఆగిపోతే పోలీసులు పడవల్లో వెళ్లి జనాన్ని దించారు. 2024 జులై 16న మళ్లీ దాదాపు 98 మిల్లీమీటర్లు. 2013లోనూ 2024లోనూ బీమా సంస్థల లెక్కలో నష్టం 100 కోట్ల డాలర్లకు దగ్గరగా వెళ్లింది.

2005 వాన తర్వాత ఆ నగరం రెండు పనులు తలకెత్తుకుంది. ఒకటి, ముంపు తరచుగా వచ్చే ప్రాంతాలను గుర్తించి మురుగు కాలువలను, వాన నీటి కాలువలను పెద్దవి చేయడం. ఇది ఏళ్లు, దశాబ్దాలు పట్టే పని. రోడ్లు తవ్వాలి, కోట్లు పోయాలి. ఆ లోపల వచ్చే వానల సంగతేమిటి? అందుకే రెండో పని. ఇంటి యజమానికి నేరుగా గ్రాంటు ఇచ్చి, ఇంటి లోపలే రక్షణ ఏర్పాటు చేయించడం.

ఇంట్లోకి నీళ్లు ఏయే దారుల్లో వస్తాయో చూస్తే ఈ గ్రాంటు తెలివి మనకు అర్థమవుతుంది. మొదటి దారి, నేల మీద పారే నీళ్లు గుమ్మంలోంచో కిటికీలోంచో రావడం. రెండోది, పునాది చుట్టూ నానిన నేలలోని నీరు గోడల పగుళ్లలోంచి ఊరడం. మూడోది అన్నిటికంటే రోత. వీధిలోని మురుగు లైను నిండిపోయి, ఆ మురుగు మన ఇంటి పైపులోంచే వెనక్కి వచ్చి, బాత్‌రూమ్ తూములోంచి పైకి పొంగడం.

ఈ మూడో దారికి టొరంటోలో బ్యాక్‌వాటర్ వాల్వ్ పెడతారు. మన బావి మోటారు పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వ్ ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే పనిచేస్తుంది. మన నీళ్లు బయటికి పోనిస్తుంది, బయటి నీళ్లను లోపలికి రానివ్వదు. రెండో దారికి సంపు పంపు. బేస్‌మెంటు నేలలో చిన్న గుంత తీసి, పునాది చుట్టూ చేరే నీటిని అందులోకి మళ్లించి, మోటారుతో బయటి మట్టి మీదకు తోడేస్తారు. వీటితో పాటు, పాత ఇళ్లలో పునాది చుట్టూ ఉండే గొట్టం వీధి మురుగు లైనులో కలిసి ఉంటే, ఆ కలయికను కోసి మూత బిగిస్తారు.

ఈ మూడు పనులకూ నగరపాలక సంస్థ గ్రాంటు ఇస్తుంది. ఎన్నో ఏళ్లు అమల్లో ఉన్న లెక్క చెబుతాను. ఖర్చులో 80 శాతం నగరం భరించేది. వాల్వ్‌కు 1,250 డాలర్ల వరకు, సంపు పంపుకు 1,750 డాలర్ల వరకు, గొట్టం కోసి మూయడానికి 400 డాలర్ల వరకు. మొత్తం ఒక ఇంటికి గరిష్ఠంగా 3,400 డాలర్లు ఇచ్చేది. ఇందులో తెలుసుకోవాల్సింది డాలర్ల లెక్క ఒక్కటే కాదు. ఏ పనికి ఎంత అన్నది ముందే కాగితం మీద ఉంది. అందరికీ ఒకే లెక్క. ఎవరి సిఫారసూ అక్కర్లేదు. వరద రావాలని ఎదురుచూడనక్కర్లేదు.

షరతులూ ఉన్నాయి. పని చేసేది లైసెన్సు ఉన్న ప్లంబరై ఉండాలి. వాల్వ్ పెట్టడానికి నగరం అనుమతి తీసుకోవాలి. ఇంకో షరతు నాకు ఎంతో నచ్చింది. ఇంటి కప్పు మీది వాన నీళ్ల పైపు వీధి మురుగు లైనులో కలిసి ఉండకూడదు. ఆ నీళ్లు పెరట్లోకో, గడ్డి మీదకో పోవాలి. ఎందుకంటే మన డాబా మీద పడ్డ వాన మురుగు లైనులోకి వెళితే, పల్లంలో ఉన్న పక్కింటివాళ్ల బాత్‌రూములో పైకి లేస్తుంది. తన ఇంటికి సాయం కావాలంటే ముందు పొరుగువాడికి నష్టం చేయడం ఆపాలన్నమాట. హైదరాబాద్‌లో జలమండలి ఏళ్లుగా మొత్తుకుంటున్నదీ ఇదే. డాబా నీళ్లు డ్రైనేజీలో కలపొద్దు అని. అక్కడ దానికి గ్రాంటు ముడిపెట్టారు.

ఈ పథకంలో లోపాలు లేవని నేను అనను. అక్కడ ముందు యజమాని తన చేతి డబ్బు పెట్టాలి. పని పూర్తయ్యాక బిల్లు చూపిస్తే నగరం తిరిగి ఇస్తుంది. చేతిలో డబ్బు లేనివాడు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. అంతకంటే పెద్ద లోటు, దరఖాస్తు చేసుకునేది యజమాని. బేస్‌మెంట్లో నిద్రపోయేది అద్దెకున్నవాడు. నీళ్లొస్తే తడిసేది అద్దెకున్న మన పిల్లల ల్యాప్‌టాప్, పాస్‌పోర్టు, పుస్తకాలు. కాబట్టి పిల్లల్ని కెనడా పంపిన తల్లిదండ్రులకు నాదొక మాట. పిల్లలు బేస్‌మెంట్లో గది తీసుకునేటప్పుడు ఇంటి యజమానిని రెండు ప్రశ్నలు అడగమనండి. బ్యాక్‌వాటర్ వాల్వ్ ఉందా? సంపు పంపు ఉందా? లేకపోతే నగరం గ్రాంటు ఇస్తుంది, పెట్టించండి అని మర్యాదగానే చెప్పమనండి.

ఇంకొక విషయం. వస్తువు బిగించినంత మాత్రాన పని అయిపోదు. వాల్వ్ రెక్క మీద జిడ్డు, చెత్త పేరుకుంటే అది మూసుకోదు. అప్పుడప్పుడూ తెరిచి శుభ్రం చేయాలి. వాల్వ్ మూసుకున్నప్పుడు ఇంట్లో నీళ్లు వాడకూడదు. వాడితే మన నీళ్లకే బయటికి దారుండదు, మన ఇంట్లోనే పొంగుతాయి. సంపు పంపు కరెంటుతో నడుస్తుంది. గాలివానలో ముందు పోయేది కరెంటే. అందుకే బ్యాటరీ కూడా ఉండాలి.

ఇప్పుడు ఇంగ్లండ్ వెళదాం. అక్కడ కంబ్రియా అనే కొండల ప్రాంతం. దాని ముఖ్యపట్టణం కార్లైల్. 2005 జనవరిలో ఆ ఊరు మునిగింది. తర్వాత వరద గోడలు కట్టారు. 2015 డిసెంబరులో డెస్మండ్ తుఫాను వచ్చింది. కంబ్రియాలోని హోనిస్టర్ పాస్ దగ్గర 24 గంటల్లో 341 మిల్లీమీటర్లు కురిసింది. ఆ దేశంలో అది రికార్డు. వరద గోడలను దాటి నీళ్లు ఊళ్లోకి వచ్చాయి. ఆ చలికాలం వరదల్లో మునిగిన ఇళ్లకు ప్రభుత్వం స్థానిక కౌన్సిళ్ల ద్వారా ఇంటికి 5 వేల పౌండ్ల వరకు గ్రాంటు ఇచ్చింది. షరతు ఏమిటంటే, ఇల్లు ముందు ఎలా ఉందో అలా కట్టుకోవడానికి ఆ డబ్బు వాడకూడదు. మళ్లీ వరదొస్తే తట్టుకునేలా మార్చుకోవడానికే వాడాలి. నీళ్లు చొరబడని తలుపులు, గోడలో గాలి కోసం వదిలిన ఇటుక రంధ్రాలకు మూతలు, ఎత్తుకు జరిపిన కరెంటు సాకెట్లు, నానినా పాడవని గచ్చు. గోడలు ఎలాగూ ఎండాలి, ప్లాస్టరింగ్ ఎలాగూ ఊడింది, వైర్లు ఎలాగూ కొత్తవి వేయాలి. ఆ సమయంలోనే మార్పు చేస్తే ఖర్చు కలిసొస్తుంది. విజయవాడలో 2024 శీతాకాలమంతా ఇళ్లకు రంగులు, కరెంటు పనులు జరిగాయి. అప్పుడు మీటరునూ స్విచ్‌బోర్డులనూ నాలుగడుగులు పైకి జరపడానికి చేయూత దొరికి ఉంటే ఎంత బాగుండేది!

ఇంగ్లండ్ ఇంజినీర్లు పాటించే ఒక నియమం మనం గుర్తుపెట్టుకోవాలి. ఇంటి బయట నీళ్లు సుమారు 60 సెంటీమీటర్లు, అంటే రెండడుగుల వరకు ఉంటే తలుపుల దగ్గర ఆపవచ్చు. అంతకు మించితే ఆపడం ప్రమాదం. బయటి నీటి ఒత్తిడికి గోడలే దెబ్బతింటాయి. అలాంటి చోట నీళ్లను లోపలికి రానిచ్చి, నష్టం తక్కువయ్యేలా, తొందరగా కడిగి ఆరబెట్టుకునేలా ఇంటిని సిద్ధం చేస్తారు. సింగ్‌నగర్‌లో పీకల్లోతు నీళ్లు చూసినవాళ్లకు వాల్వ్ పెట్టుకోమని చెబితే నవ్వుతారు, ఆ నవ్వు న్యాయమే. మోకాలి లోతు ముంపుకి వాల్వ్, గుమ్మం అడ్డుపలక, డ్రైనేజీ మరమ్మతు సరిపోతాయి. పీకల్లోతు ముంపుకి జాకీలు పెట్టి ఇంటిని మెరక చేయడం, మీటరు పైకి జరపడం, పైన తలదాచుకునే గది వేసుకోవడం కావాలి. జాకీలతో ఇల్లు లేపే పని ఇప్పుడు మన పట్టణాల్లోనూ జరుగుతోంది. గోదావరి లంక గ్రామాల్లో పునాది ఎత్తుగా లేపి కట్టుకునే అలవాటు తరతరాలుగా ఉంది. తెలివి మనకు కొత్త కాదు. చేతిలో డబ్బు లేకపోవడమే అడ్డు.

కొన్ని చోట్ల ఏ గ్రాంటూ పనికిరాదు. అదీ టొరంటోనే నేర్పింది. 1954 అక్టోబరు 15న హేజెల్ తుఫానుకు అక్కడి హంబర్ నది పొంగింది. రేమోర్ డ్రైవ్ అనే ఒక్క వీధిలోనే 35 మంది చనిపోయారు. కెనడా మొత్తం మీద 81 మంది. ఆ తర్వాత నది లోయల్లోని భూములను ప్రభుత్వం సేకరించి, మళ్లీ ఇళ్లు కట్టనివ్వలేదు. ఆ వీధి ఉన్న చోట ఇవాళ పార్కు ఉంది. మనకూ అంతే. బుడమేరు గర్భంలో, నాలా మీద, చెరువు నిండు నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) పరిధిలో ఉన్న ఇంటికి గుమ్మం పలక ఇచ్చి చేతులు దులుపుకోకూడదు. వాళ్లకు మరో చోట ఇల్లు చూపించాలి. పని దొరికే చోటుకు దగ్గరగా చూపించాలి.

ఇదంతా డబ్బున్న దేశాల కథ, మనకెక్కడిది అని కొందరు శ్రోతలు అనుకోవచ్చు. అందుకు సమాధానం మన దేశంలోనే ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోనే ముందస్తు నివారణకు ప్రత్యేక నిధి ఉండాలని రాసి ఉంది. 15వ ఆర్థిక సంఘం దానికి లెక్క కట్టింది. 2021-22 నుంచి 2025-26 వరకు అయిదేళ్లకు రాష్ట్రాల విపత్తు నిధులకు మొత్తం 1,60,153 కోట్ల రూపాయలు. అందులో 80 శాతం ప్రధానంగా విపత్తు వచ్చాక ఇచ్చే సహాయానికి, పునరావాసానికి. మిగతా 20 శాతం, అంటే సుమారు 32 వేల కోట్లు, ముందస్తు నివారణకు. ఆ డబ్బు పెద్ద కరకట్టలకు కాకుండా, స్థానికంగా, ప్రజల స్థాయిలో ముప్పు తగ్గించే పనులకు వాడాలని కూడా ఆ సంఘం చెప్పింది. ఇంటి గుమ్మం కంటే స్థానికమైనది ఏముంటుంది?

ఇది దండగ ఖర్చు కాదని చెప్పడానికి ఒక లెక్క ఉంది. అమెరికాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బిల్డింగ్ సైన్సెస్ అనే సంస్థ, కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లతో అక్కడ జరిగిన నివారణ పనులను పరిశీలించింది. ముందు పెట్టిన ఒక్కో డాలరు తర్వాత వచ్చే నష్టంలో ఆరు డాలర్లు ఆదా చేస్తుందని తేల్చింది. మన లెక్కలు మనం వేసుకోవాల్సిందే. కానీ ఒకే కాలనీకి పదేళ్లలో రెండు సార్లు పరిహారం పంచే బదులు, ఒకసారి పెట్టుబడి పెట్టడం ఖజానాకూ మంచిదే.

మన దగ్గర ఇలాంటి పథకం పెడితే ఎలా ఉండాలి? నాకు తోచింది చెబుతాను. విజయవాడలో ఏ ఇల్లు మునిగిందో ఇంటింటికీ తిరిగి రాసిన జాబితా ఇప్పటికే ఉంది. పరిహారం పంచగానే ఆ జాబితా బీరువాలోకి వెళ్లకూడదు. గ్రాంటుకు అదే మొదటి పట్టిక కావాలి. టొరంటోలోలా ముందు మీరు ఖర్చు పెట్టండి అంటే మన పేదలు పెట్టలేరు. కాబట్టి మునిసిపాలిటీయే లైసెన్సున్న ప్లంబరుకు, ఎలక్ట్రీషియనుకు, మేస్త్రీకి నేరుగా చెల్లించాలి. రేషన్ కార్డు ఉన్న ఇంటికి పూర్తి ఖర్చు, మిగతావాళ్లకు కొంత భాగం. ఏ పనికి ఎంతో వార్డు కార్యాలయం గోడ మీద రాసి పెట్టాలి. ఇల్లు అద్దెకిచ్చిన యజమాని గ్రాంటు తీసుకుంటే, రెండేళ్లు అద్దె పెంచకూడదని షరతు ఉండాలి. పని అయ్యాక ఇంజినీరు వచ్చి చూసి సంతకం పెట్టాలి. ఏటా తొలకరికి ముందు వాల్వులు శుభ్రం చేయించాలి.

ప్రభుత్వం కదిలే దాకా మనం చేసుకోగలిగినవీ ఉన్నాయి. పల్లంలో ఇల్లున్నవాళ్లు మురుగు పైపు వీధి లైనులో కలిసే చోట నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించుకోండి. విద్యుత్ సంస్థకు దరఖాస్తు చేసి మీటరు బోర్డు ఎత్తుకు మార్పించుకోండి. ఫ్రిజ్, ఇన్వర్టర్ గట్టు మీదకు ఎక్కించండి. నీళ్ల సంపు మూత గట్టిగా బిగించండి, లేకపోతే మురుగు తాగునీటిలో కలుస్తుంది. సర్టిఫికెట్లు, దస్తావేజులు ప్లాస్టిక్ సంచిలో పెట్టి అటక మీద ఉంచండి. డాబా నీళ్ల పైపు డ్రైనేజీలో కలిసి ఉంటే ఇవాళే విడదీయించి ఇంకుడు గుంతలోకి మళ్లించండి. నీళ్లు గుమ్మం దగ్గరికి రాకముందే మెయిన్ స్విచ్ ఆపేయండి.

చివరిగా ఒక్క విన్నపం. నష్టపరిహారం అందనప్పుడు మనం గట్టిగా అడుగుతాం, ధర్నా చేస్తాం, జాబితాలో పేరు లేదని అర్జీలు పెడతాం. అడగాలి కూడా. అంతే గట్టిగా, వానాకాలం రాకముందు, మీ కార్పొరేటరును, కౌన్సిలరును, ఎమ్మెల్యేను ఈ ప్రశ్న అడగండి. మా వార్డుకు ముందస్తు నివారణ నిధి నుంచి ఎంత వచ్చింది, మా ఇళ్లకు ఏం చేస్తున్నారు అని. పది ఇళ్లవాళ్లు కలిసి అడిగితే సమాధానం చెప్పక తప్పదు. ఆ ప్రశ్ననే అర్జీగా వేసవిలోనే రాయండి.